రొయ్యల చెరువులో విబ్రియోకి కోరం నిండకుండా చూసుకోవడం ఎలా

భీమవరం, మొగల్తూరు, అమలాపురం, తాళ్ళరేవు, ఎక్కడైనా సరే, ఆక్వా ల్యాబ్ గుమ్మంలో మొదట వినిపించే ప్రశ్న ఒకటే: "కౌంట్ ఎంతొచ్చిందండీ?" వెయ్యి లోపంటే హమ్మయ్య అనుకుని బండెక్కేస్తారు. ఐదు వేలంటే టెన్షన్. ఆ టెన్షన్‌లోనే పక్క షాపులో శానిటైజర్ కొని తిన్నగా చెరువు గట్టుకి పోతారు.

ఆ ఒక్క అంకె చూసి మందు కొనకండి అని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. నీళ్ళలో విబ్రియో అనే బ్యాక్టీరియాలు మిల్లీలీటరుకి ఎన్ని ఉన్నాయో కౌంట్ చెబుతుంది. అవి ఎక్కడ గుమిగూడాయో, గుమిగూడాక ఏ జన్యువులు నడపడం మొదలుపెట్టాయో చెప్పదు. రొయ్యకి చేటు చేసేది ఎక్కువగా ఈ చెప్పని భాగమే. తాము ఎంతమంది పోగయ్యామో పసిగట్టి దాన్నిబట్టి జన్యువుల్ని నడిపే ఈ పద్ధతిని కోరం సెన్సింగ్ అంటారు. కాస్త ఓపిక పట్టి ఇది ఎలా నడుస్తుందో తెలుసుకుంటే, మేత ఎక్కడ తగ్గించాలో, ఏరేటర్ ఎటు తిప్పాలో, శాంపిల్ ఎక్కడ తీయాలో, షాపతను అమ్మే ప్రోబయోటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా మందు) గురించి ఏం అడగాలో మీకే తట్టేస్తుంది.

ముందు ఈ కోరం సంగతి

1970లో అమెరికాలో నీల్సన్, ప్లాట్, హేస్టింగ్స్ అనే ముగ్గురు సముద్రంలో వెలుగునిచ్చే ఒక బ్యాక్టీరియా మీద పనిచేస్తూ ఒక విషయం బయటపెట్టారు. ఫ్లాస్కులో దాన్ని పెంచడం మొదలుపెట్టిన కొత్తలో ఎంత పెరిగినా వెలుగు రాదు, సంఖ్య ఒక స్థాయి దాటాక మాత్రం గబగబా వచ్చేస్తుంది. అంతవరకూ వెలుగుకి కావలసిన ఎంజైమును ఆ కణాలు తయారే చేయడం లేదు. కారణం ఏంటంటే ప్రతి కణమూ ఒక చిన్న రసాయనాన్ని కొద్దికొద్దిగా బయటికి వదులుతూ ఉంటుంది, కణాలు పలచగా ఉంటే అది నీళ్ళలో కలిసిపోతుంది, చిక్కబడితే అదీ పేరుకుంటుంది, పేరుకుని తిరిగి కణం లోపలికి చేరి జన్యువుల్ని లేపుతుంది. సొసైటీ సర్వసభ్య సమావేశంలో సరిపడా మంది వచ్చేదాకా తీర్మానం పెట్టనట్టు, ఇవీ సరిపడా పోగయ్యేదాకా ఆ పనికి పూనుకోవు. ఒక్క కణం వెలిగితే ఎవరికి కనిపిస్తుంది? ఒక్క కణం విషం వదిలితే ఎవరికి తగులుతుంది? శక్తి దండగ. ఆ రసాయనం ఏమిటో 1981లో తేలింది, ఎసైల్ హోమోసెరీన్ లాక్టోన్ అనే రకం, పొట్టిగా ఏహెచ్ఎల్ అంటారు. కోరం సెన్సింగ్ అన్న పేరు మాత్రం చాలా ఆలస్యంగా 1994లో వచ్చింది.

ఆ వెలుగు బ్యాక్టీరియా పేరు విబ్రియో ఫిషెరి. హవాయి దగ్గర దొరికే ఒక చిన్న స్క్విడ్ ఒంట్లో హాయిగా కాపురం ఉంటుంది, దానికి హాని చేయదు. ఇందులో యంత్రాంగం చాలా తేలిక: లక్స్-ఐ అనే ప్రోటీన్ సంకేతాన్ని తయారుచేస్తుంది, లక్స్-ఆర్ అనే ప్రోటీన్ ఆ సంకేతం అంటుకోగానే డీఎన్ఏ మీద ఒక చోట కూర్చుని వెలుగు జన్యువుల్ని నడిపిస్తుంది. ఆ వరసలోనే లక్స్-ఐ జన్యువు కూడా ఉండటంతో సంకేతం మరింత పెరుగుతుంది, ఇంకా ఎక్కువ కణాలు లేస్తాయి. అందుకే వెలుగు మెల్లమెల్లగా కాకుండా ఒక్కసారిగా వస్తుంది.

మన చెరువుల్లో ఉండేవి దీని చుట్టాలు: హార్వేయి, క్యాంప్‌బెల్లై, పారాహీమోలిటికస్, ఆల్జినోలిటికస్, వల్నిఫికస్. పోలికలు ఉన్నా నడవడి వేరు.

హార్వేయిలో జన్యువులు ఎలా ఆన్ అవుతాయంటే

ప్రిన్స్‌టన్‌లో బానీ బాస్లర్ అనే శాస్త్రవేత్త బృందం ఏళ్ళ తరబడి చదివింది హార్వేయినే. (వాళ్ళు వాడిన రకాన్ని తర్వాత క్యాంప్‌బెల్లై కింద మార్చారు. ఈ రెండింటినీ మామూలు పరీక్షల్లో విడదీయడం కష్టం కాబట్టి మీ రిపోర్టులో హార్వేయి అని ఉన్నది క్యాంప్‌బెల్లై అయి ఉండొచ్చు, కంగారు పడకండి.) ఇది ఒకటి కాదు, మూడు సంకేతాలు వదులుతుంది. మొదటిది ఏహెచ్ఎల్ రకం, ఇది దాని సొంత జాతికీ బాగా దగ్గరి వాటికీ మాత్రమే పనికొస్తుంది. రెండోది సీఏఐ-1, విబ్రియో కుటుంబం చాలావరకు దీన్ని వాడుతుంది. మూడోది ఏఐ-2, దీన్ని విబ్రియోలే కాదు, బోలెడన్ని ఇతర బ్యాక్టీరియాలూ తయారుచేస్తాయి. అంటే హార్వేయి తనవాళ్ళు ఎంతమంది ఉన్నారో, మొత్తం మీద ఇక్కడ జనాభా ఎంతుందో రెండూ లెక్కేసుకుంటోందన్నమాట. ఏఐ-2 విషయంలో ఒక విచిత్రం, విబ్రియోల రిసెప్టర్‌లో (సంకేతాన్ని అందుకునే ప్రోటీన్‌లో) కూర్చునే రూపంలో బోరాన్ ఉంటుందని 2002లో తేలింది. సముద్రపు నీళ్ళలో బోరాన్‌కి కొదవేముంది.

ఇప్పుడు లోపల జరిగేది. కణాలు పలచగా ఉన్నప్పుడు మూడు సంకేతాల రిసెప్టర్లూ ఖాళీగా ఉంటాయి. ఖాళీగా ఉన్న రిసెప్టర్ ఊరుకోదు, ఫాస్ఫేట్ ముక్కను లక్స్-యు అనే ప్రోటీన్‌కి, దాని ద్వారా లక్స్-ఓ అనే ప్రోటీన్‌కి అందిస్తూ ఉంటుంది. ఫాస్ఫేట్ అందుకున్న లక్స్-ఓ, క్యూఆర్ఆర్ అనే ఐదు చిన్న ఆర్ఎన్ఏలను పుట్టిస్తుంది. ఇవి ప్రోటీన్లుగా మారవు. వీటి పనల్లా లక్స్-ఆర్ అనే పెద్ద నియంత్రకం తాలూకు సందేశ ఆర్ఎన్ఏకి అతుక్కుని అది పనిచేయకుండా చేయడం. దాంతో లక్స్-ఆర్ తయారవదు, దాని బదులు ఏపీహెచ్-ఎ అనే ఇంకో నియంత్రకం పెత్తనం చేస్తుంది. (ఫిషెరిలో లక్స్-ఆర్, ఇక్కడి లక్స్-ఆర్ పేరుకి ఒకటే గానీ వేరువేరు ప్రోటీన్లు. శాస్త్రవేత్తలు పేర్లు పెట్టడంలో మనవాళ్ళ కంటే ఘనులు.)

కణాలు చిక్కబడగానే సంకేతాలు వెళ్ళి రిసెప్టర్లలో కూర్చుంటాయి. అప్పుడు అవే రిసెప్టర్లు ఎదురు తిరుగుతాయి, ఇచ్చిన ఫాస్ఫేట్‌ని వెనక్కి లాగేస్తాయి. లక్స్-ఓ చల్లబడుతుంది, క్యూఆర్ఆర్ ఆగిపోతుంది, లక్స్-ఆర్ తయారై వందల జన్యువుల తీరు మార్చేస్తుంది. వెలుగు ఆన్. మాంసకృత్తుల్ని కోసేసే ప్రోటియేజ్ ఎంజైము ఆన్. కానీ ఇంకో కణంలోకి విషపు ప్రోటీన్లను సూదిలా గుచ్చే టైప్-త్రీ యంత్రాంగం ఆఫ్, ఇనుమును లాక్కునే రసాయనాల తయారీ ఆఫ్.

మీరు ఈ పేర్లేవీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. నిర్ణయం మాత్రం చెరువు మొత్తం సగటు మీద జరగదు, ఆ కణం చుట్టూ ఉన్న నాలుగు చుక్కల్లో సంకేతం ఎంత పేరుకుందన్న దాని మీద జరుగుతుంది, ఇది మనసులో పెట్టుకోండి. ఇంకోటి, ఒక్క సంకేతాన్ని ఆపినంత మాత్రాన మిగతావి ఆగవు. గుంపు కట్టగానే అన్ని ఆయుధాలూ బయటికి వస్తాయనుకోవడమూ తప్పే, కొన్ని అప్పుడే లోపలికి పోతాయి.

కలరా క్రిమి అయితే పూర్తిగా రివర్స్. విబ్రియో కలరే పలచగా ఉన్నప్పుడే పేగుకి అతుక్కుని విషం తయారుచేస్తుంది, చిక్కబడ్డాక హ్యాప్-ఆర్ అనే నియంత్రకం (మన లక్స్-ఆర్ లాంటిదే) ఆ జన్యువుల్ని మూసేసి, ప్రోటియేజ్ వదిలి, పేగు విడిచి బయటికి పోయే ఏర్పాట్లు చేస్తుంది. విరేచనాల్లో బయటికి పోయి ఇంకొకరిని పట్టుకోవాలి కదా. కాబట్టి "బ్యాక్టీరియా మాట్లాడుకోవడం ఆపేస్తే జబ్బు ఆగిపోతుంది" అని ఎవరైనా ఒక్క ముక్కలో చెబితే, ఏ బ్యాక్టీరియా సంగతండీ అని అడగండి.

చెరువులో కోరం ఎక్కడ నిండుతుంది

నీళ్ళలో మిల్లీలీటరుకి వెయ్యి, రెండు వేలు ఉన్న విబ్రియో కోరానికి ఆమడ దూరంలో ఉంటుంది. ఆ స్క్విడ్ వెలుగు సంచిలో మిల్లీలీటరుకి వెయ్యి కోట్లు దాటతాయి, ఫ్లాస్కుల్లో కూడా కోట్లలో ఉంటేనే వెలుగు. మరి రెండు వేలకి చెరువు ఎందుకు పాడవుతుంది? ఎందుకంటే మీరు కొలిచింది నీళ్ళని. చెరువు నడిమధ్య నల్లటి బురదలో, మేత పడి కుళ్ళిన చోట, విడిచేసిన పెంకు మీద, ఏరేటర్ రెక్కలకి పట్టిన జిగురు పొరలో, అన్నిటికన్నా ముఖ్యంగా రొయ్య కడుపులో, పేగులో, కణాలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. అక్కడ సంకేతం ఎటూ పోదు.

నీటి ప్రవాహం సంగతి చూడండి. కలరా క్రిమి మీద, స్టాఫైలోకాకస్ (స్టాఫ్) అనే బ్యాక్టీరియా మీద 2016లో బాస్లర్ బృందమే చేసిన పనిలో, నీళ్ళు పారుతూ ఉంటే సంకేతాలు కొట్టుకుపోయి కోరం జన్యువులు లేవడం లేదని, పగుళ్ళలో, మూలల్లో, మందపాటి జిగురు పొర అడుగున మాత్రం లేస్తున్నాయని తేలింది. దీన్ని మీ చెరువుకి అన్వయించుకుంటే ఏరేటర్ అనేది ఆక్సిజన్ కోసం మాత్రమే కాదు. నాలుగు మూలల్లో నీళ్ళు కదలకుండా నిలబడిపోయే చోట్లు ఉంటే అక్కడ ఏరేటర్ కోణం మార్చండి. తెల్లవారుజామున గట్టు మీద నడుస్తూ ఒక గుప్పెడు తవుడు నీళ్ళ మీద చల్లి ఎటు పోతోందో చూస్తే చాలు, నిలవ చోట్లు దొరికిపోతాయి. కానీ అడుగు బురద మొత్తం లేచేట్టు మాత్రం పెట్టొద్దు. ఇన్నాళ్ళూ ఒక మూల పడున్నదాన్ని చెరువంతా పంచినట్టవుతుంది, పైగా విషవాయువులు.

పెంకు సంగతి చాలామంది పట్టించుకోరు. అమావాస్య, పౌర్ణమి ముందూ వెనకా చెరువంతా ఒకేసారి కుబుసం విడిచిందంటే అడుగున పెంకు మేట వేస్తుంది. పెంకు అంటే కైటిన్, విబ్రియోలకి ఇష్టమైన భోజనం. కైటిన్ మీద పెరిగే కలరా క్రిమి చుట్టుపక్కల తేలే డీఎన్ఏ ముక్కల్ని మింగి తన జన్యువుల్లో కలుపుకోగలదని 2005లో చూపించారు, అందుకు కైటిన్ ఒక్కటే చాలదు, కోరం కూడా నిండాలి. అంటే పెంకుల కుప్ప మీద కొత్త లక్షణాలు చేతులు మారే వీలుంది. కాబట్టి ఆ రోజుల్లో సెంట్రల్ డ్రెయిన్ ఉన్నవాళ్ళు రెండు పూటలా వదలండి, లేనివాళ్ళు చెరువు నడుమ పేరుకున్నది సైఫన్ పైపుతో తీయించండి. తీసిన బురదని మాత్రం బోదెలోకి వదలొద్దు, అదే నీళ్ళు రేపు పక్కవాళ్ళు తోడుకుంటారు, ఎల్లుండి మీరే తోడుకుంటారు. విడిగా గుంట తవ్వి అందులో వేసి సున్నం కొట్టండి.

మేత. మేతలోని నత్రజనిలో మూడో వంతు కూడా రొయ్య ఒంటికి పట్టదు, మిగతాదంతా చెరువుకే. చెక్ ట్రేలో (మేత ఎంత తిన్నాయో చూసే పళ్ళెం) మేత మిగులుతూ ఉంటే మొహమాటం లేకుండా తగ్గించాలి, ఎండలు ముదిరినప్పుడూ మబ్బు పట్టి ఆక్సిజన్ పడిపోయినప్పుడూ ఒక పూట ఆపేయాలి. ఇందులో పెద్ద శాస్త్రమేం లేదు. చెక్ ట్రేలు రోజూ రుద్ది కడిగి ఎండలో ఆరబెట్టండి, అంతే.

శాంపిల్ తీయడం, ప్లేటు చదవడం

గట్టు మీద నుంచి వంగి పైపైన ముంచి తెచ్చిన సీసా వల్ల ప్రయోజనం తక్కువ. మూడు శాంపిల్స్ తీయండి. ఒకటి అడుగు లోతు నుంచి నీళ్ళు. రెండోది చెరువు నడుమ బురద, ఓ పది గ్రాములు. మూడోది బతికున్న రొయ్యలు, బాగున్నవి కొన్ని, నీరసంగా గట్టు పట్టినవి కొన్ని, విడివిడి ఆక్సిజన్ సంచుల్లో. సీసాలు ల్యాబ్ దగ్గరే స్టెరిలైజ్ చేసినవి తీసుకోండి, తాగి పారేసిన నీళ్ళ బాటిల్ వద్దు. ఐస్ పెట్టెలో పెట్టండి గానీ ఐస్‌కి ఆనించొద్దు, పూట దాటకుండా ల్యాబ్‌కి చేర్చండి. ప్రతిసారీ అదే చోట, అదే వేళకి తీయాలి, లేకపోతే గత వారం అంకెతో పోల్చడానికి ఉండదు.

ల్యాబ్‌లో టీసీబీఎస్ అనే ఆకుపచ్చ మీడియా (బ్యాక్టీరియాని పెంచే పదార్థం) మీద వేస్తారు. లెక్క మీరే సరిచూసుకోవచ్చు: శాంపిల్‌ని వందో వంతుకి పలచన చేసి, అందులో 0.1 మిల్లీలీటరు ప్లేటు మీద వేస్తే 45 కాలనీలు (బ్యాక్టీరియా పెరిగిన చుక్కలు) వచ్చాయనుకోండి, 45ని 100తో, మళ్ళీ 10తో హెచ్చవేస్తే మిల్లీలీటరుకి 45,000. ప్లేటు మీద 30 కంటే తక్కువో, 300 కంటే ఎక్కువో ఉంటే ఆ అంకె మీద నమ్మకం పెట్టుకోవద్దు, ఇంకో పలచన ప్లేటు అడగండి.

పసుపు, పచ్చ విషయంలో అపోహలు చాలా ఉన్నాయి. మీడియాలో ఉన్న చక్కెరను (సుక్రోజ్) పులియబెట్టగలిగేవి పసుపు, లేనివి పచ్చ, అంతకంటే ఏమీ లేదు. పారాహీమోలిటికస్, వల్నిఫికస్ సాధారణంగా పచ్చగా వస్తాయి, ఆల్జినోలిటికస్ పసుపు, కలరే కూడా పసుపే, హార్వేయి రెండు రకాలుగానూ వస్తుంది. ప్లేటుని 18 నుంచి 24 గంటల్లో చదవాలి. ఫ్రిజ్‌లో పెట్టి తర్వాత తీరుబడిగా చూస్తే పసుపువి పచ్చగా మారిపోవచ్చు. బెల్లం, మొలాసిస్ వేశాక పచ్చ తగ్గి పసుపు పెరిగిందని సంబరపడేవాళ్ళు ఉంటారు. చక్కెర వేశారు, చక్కెర తినేవి పెరిగాయి, అందులో ఆశ్చర్యమేముంది, పసుపన్నీ మంచివేం కాదు. పైగా బెల్లం ఎక్కువైతే ఆ రాత్రి ఆక్సిజన్ దిగిపోతుంది.

నెలలోపే రొయ్య పిల్లలు చనిపోతుంటే, హెపటోపాంక్రియాస్ (రొయ్య జీర్ణగ్రంథి) పాలిపోయి కుంచించుకుపోయి, పేగు ఖాళీగా ఉంటే పచ్చ కౌంట్‌తో సరిపెట్టుకోకండి, పీసీఆర్ (జన్యువుల్ని వెతికే పరీక్ష) చేయించండి. ఈఎంఎస్ అని పిలిచే ఆ జబ్బుకి కారణం ఫలానా జాతి అన్నది కాదు, పిర్-ఎ, పిర్-బి అనే రెండు విష జన్యువుల్ని మోసే ప్లాస్మిడ్ (కణంలో విడిగా ఉండే చిన్న డీఎన్ఏ ఉంగరం). అది ఉన్న పారాహీమోలిటికస్ చంపుతుంది, లేనిది పక్కనే ఉన్నా చంపకపోవచ్చు, ప్లేటు మీద రెండూ ఒకేలా పచ్చగా ఉంటాయి.

రాత్రిపూట చెరువు మెరుస్తోందా? ఉప్పు ఎక్కువుండే తీరం చెరువుల్లో, హేచరీ ట్యాంకుల్లో ఇది చూస్తాం. పారదర్శకమైన సీసాలో నీళ్ళు తీసుకుని లైటు లేని గదిలోకి వెళ్ళి, ఓ పది నిమిషాలు కళ్ళు చీకటికి అలవాటు పడనివ్వండి. కుదిపినప్పుడు మాత్రమే చుక్కలు చుక్కలుగా మెరిసి ఆగిపోతే అది ఎక్కువగా ప్లవకం (నీళ్ళలో తేలే సూక్ష్మజీవులు) తాలూకు వెలుగు. ఆగకుండా మసక నీలంగా వెలుగుతూ ఉంటే బ్యాక్టీరియా. రొయ్య ఒళ్ళే వెలుగుతుంటే దాని లోపల కోరం నిండిపోయినట్టు. ల్యాబ్‌లో కూడా దీన్ని టీసీబీఎస్ మీద కాకుండా జోబెల్ మెరైన్ అగార్ మీద చూడమనండి, టీసీబీఎస్ మీద వెలుగు సరిగ్గా రాదు. వెలగనివి సాధువులని మాత్రం అనుకోవద్దు, వెలుగు లేని విబ్రియోలూ చంపుతాయి.

శానిటైజర్ కొట్టేముందు

కౌంట్ పెరిగింది, కొట్టేశారు, మర్నాడు కౌంట్ పడిపోయింది, బాగుంది. వారం తిరిగేసరికి మళ్ళీ మొదటికన్నా ఎక్కువ. ఎందుకంటారా, మీరు చంపింది విబ్రియోని ఒక్కదాన్నే కాదు, దాంతో పోటీపడే మిగతావాటినీ చంపారు. బురదలో, జిగురు పొరలో దాక్కున్నది బతికింది. చచ్చినవాటి శవాలే మేతగా దొరికాయి. పారాహీమోలిటికస్ అన్నీ అనుకూలిస్తే పది పన్నెండు నిమిషాలకోసారి రెట్టింపవగలదు, పోటీ లేని మైదానంలో దాన్ని పట్టుకునేవాళ్ళెవరు?

క్రిమిసంహారం చేయాల్సింది పిల్ల వేయకముందు, రిజర్వాయర్‌లో. బ్లీచింగ్ 60 పీపీఎం అనుకుంటే ఎకరంలో మీటరు లోతు నీళ్ళకి సుమారు 240 కిలోలు పడుతుంది. దానికి ముందు సున్నం వేయొద్దు, పీహెచ్ పెరిగితే క్లోరిన్ పదును తగ్గిపోతుంది. క్లోరిన్ పూర్తిగా పోయిందని కిట్‌తో చూసుకున్నాక నీళ్ళని ఖాళీగా వదలకుండా వెంటనే ప్రోబయోటిక్ వేసి, ప్లవకం కట్టనివ్వండి. శానిటైజర్, ప్రోబయోటిక్ ఒకే రోజు వేసేవాళ్ళని చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలీదు, రెండు డబ్బాల డబ్బూ చెరువు పాలు.

యాంటీబయోటిక్ మాట ఎత్తొద్దు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు నిషేధం, పట్టుబడికి (రొయ్యలు పట్టి అమ్మడానికి) ముందు టెస్టులో దొరికితే సరుకు ఎక్స్‌పోర్ట్‌కి పనికిరాదు, ఆ లోపు మిగిలిన విబ్రియో మందుకి లొంగకుండా తయారవుతుంది.

సంకేతాన్ని కోసే ప్రోబయోటిక్ అంటే నిజమేనా

నిజమే, కొంతవరకు. 2000లో సింగపూర్‌లో బ్యాసిల్లస్ అనే ఒక బ్యాక్టీరియా‌లో ఏఐఐ-ఎ అనే ఎంజైము దొరికింది, అది ఏహెచ్ఎల్ సంకేతం తాలూకు ఉంగరాన్ని తెంపేస్తుంది. తెగిన సంకేతం రిసెప్టర్‌లో కూర్చోదు. బ్యాక్టీరియాని చంపకుండా దాని చెవులు మూసినట్టు. ఆ తర్వాత చాలా బ్యాసిల్లస్ రకాల్లో ఇలాంటివి దొరికాయి. కానీ అన్ని బ్యాసిల్లస్‌లలోనూ ఉండదు, డబ్బా మీద సబ్టిలిస్ అని రాసి ఉన్నంత మాత్రాన పని చేస్తుందని కాదు.

షాపులో ఇలా అడగండి: ఏ జాతి, ఏ రకం, గ్రాముకి ఎన్ని బతికున్న కణాలు, తయారీ తేదీ ఏది, సంకేతాన్ని తెంపుతుందని దేని మీద చూపించారు. చివరి ప్రశ్నకి సమాధానం ల్యాబ్‌లో కళ్ళతో చూడొచ్చు. సీవీ026 అనే క్రోమోబ్యాక్టీరియం (ఊదా రంగు వేసే బ్యాక్టీరియా) రకం ఉంది, ఇది సొంతంగా సంకేతం చేసుకోలేదు, బయటి నుంచి పొట్టి ఏహెచ్ఎల్ ఇస్తే ఊదా రంగు వేస్తుంది. ఆ ఏహెచ్ఎల్‌ని ముందు మీ ప్రోబయోటిక్‌తో కాసేపు ఉంచి, తర్వాత దీనికిస్తే, ఊదా రాకపోతే సంకేతం తెగినట్టు. అయితే పక్కనే ప్రోబయోటిక్ లేకుండా వట్టి మీడియాతో ఒక ప్లేటు, పీహెచ్ మార్పు వల్లే తెగలేదని చూడటానికి బఫర్ వేసిన ఇంకో ప్లేటు ఉండాలి. ఎందుకంటే ఏహెచ్ఎల్ ఉంగరం క్షారంలో దానంతట అదే తెరుచుకుంటుంది.

ఈ ముక్క విన్నాక కొందరికి వచ్చే ఆలోచన నాకు తెలుసు, అయితే సున్నం కొట్టి పీహెచ్ తొమ్మిది దాటిస్తే సంకేతాలన్నీ తెగిపోతాయి కదా అని. వద్దండీ. పీహెచ్ పెరిగితే నీళ్ళలోని అమ్మోనియా విషపు రూపంలోకి మారుతుంది, విబ్రియో కంటే ముందు రొయ్య పోతుంది.

ఇంకో పరిమితి, పైన చెప్పిన మూడు సంకేతాల్లో ఈ ఎంజైము తెంపేది ఏహెచ్ఎల్ ఒక్కదాన్నే. ఏఐ-2, సీఏఐ-1 జోలికి పోదు. హార్వేయిలో ఏఐ-2 దారి చెడగొట్టిన రకాలు ఆర్టీమియా (రొయ్య పిల్లలకి మేతగా వేసే చిన్న జీవి) పిల్లల్ని తక్కువగా చంపాయని 2005లో చూశారు, అంటే ఆ దారి ముఖ్యమైనదే. దాల్చినచెక్కలో ఉండే సినమాల్డిహైడ్, లక్స్-ఆర్ డీఎన్ఏకి అంటుకోవడాన్ని తగ్గిస్తుందని 2008లో చూపించారు. అది కొలిచి వాడిన శుద్ధ రసాయనం, చెరువులో దాల్చినచెక్క పొడి చల్లడానికీ దానికీ సంబంధం లేదు. సముద్రంలో పెరిగే ఒక ఎర్ర నాచులో దొరికే ఫ్యూరనోన్లు కూడా సంకేతాల్ని అడ్డుకుంటాయి, కాకపోతే మోతాదు కొంచెం పెరిగితే జంతువుకే విషం.

మొత్తానికి ఇలాంటి ప్రోబయోటిక్‌ని నేను వద్దనను. బురద తీసి, మేత సరిచేసి, నీళ్ళు కదిలేట్టు చూసుకున్నాక వేయండి. అడుగున జానెడు నల్లమట్టి పెట్టుకుని పైన ఎంత ఖరీదైన డబ్బా పోసినా సంకేతం తయారయ్యే వేగమే గెలుస్తుంది.

మీ చేతులూ కాళ్ళూ కూడా

చెరువులో దిగి పనిచేసేవాళ్ళకి ఒక మాట. రొయ్య ముల్లు గుచ్చుకున్నా, పాత పుండు ఉన్నా ఉప్పు చెరువులో దిగొద్దు, తప్పదంటే గ్లవ్స్, గమ్‌బూట్లు వేసుకోండి. వల్నిఫికస్ గాయంలోకి పోతే గంటల్లో వాపు, నల్ల బొబ్బలు వస్తాయి. లివర్ జబ్బు ఉన్నవాళ్ళకి, షుగర్ ఉన్నవాళ్ళకి ప్రాణం మీదికి వస్తుంది. పసుపు అద్ది ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి పోయి, చెరువు నీళ్ళలో దిగానని డాక్టరుకి చెప్పండి, ఆ ఒక్క మాటతో మందు మారుతుంది. షుగర్ వాళ్ళ కాలి పుండు మానకుండా సాగదీసే స్టాఫ్, సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాలు కూడా ఈ కోరం పద్ధతిలోనే నడుస్తాయి. స్టాఫ్ చిన్న పెప్టైడ్ ముక్కల్ని సంకేతంగా వాడుతుంది, సూడోమోనాస్ రెండు రకాల ఏహెచ్ఎల్‌లూ వాటితో పాటు ఇంకో రసాయనమూ వాడుతుంది. పుండు మీద పేరుకున్న పొరని డాక్టర్లు గీకి శుభ్రం చేసేది ఊరికే కాదు.

చెరువు విషయానికొస్తే, ఏ పని చేసినా మూడో రోజున అవే మూడు చోట్ల మళ్ళీ శాంపిల్ తీయించండి. నీళ్ళ కౌంట్ తగ్గి బురద కౌంట్ అలాగే ఉంటే పని సగమే అయింది, సైఫన్ మళ్ళీ పెట్టించండి. నీళ్ళూ బురదా తగ్గి రొయ్య లోపల మాత్రం తగ్గకపోతే ఆ పూట మేత ఆపి, హెపటోపాంక్రియాస్‌ని మైక్రోస్కోపు కింద చూపించి, పీసీఆర్ రిపోర్టు వచ్చాకే కల్చర్ కొనసాగించాలా, పట్టుబడి పెట్టేయాలా తేల్చుకోండి.